వీపు వెనకాల ఫినా

"ఆలస్యం," అంది ఫినా.

డ్యామ్ గేటుకి కట్టిన గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. హెల్మెట్, నల్ల కళ్ళజోడు, ఎర్ర జెర్సీ. వాళ్ళన్న కారులో తెచ్చి దింపి వెళ్ళిపోయినట్టున్నాడు.

"పాప రాత్రంతా నిద్రపోనివ్వలేదు," గొణిగాడు బెర్నాత్.

"నేను నిద్రపోతున్నానా? పద."

గొలుసు దాటితే ఇక కార్లు రావు. జలాశయం చుట్టూ పైన్ చెట్ల మధ్య కంకర బాట, అంతే. ఫినా దీన్ని ఎంచుకున్నదే అందుకు. ఏడేళ్ళ కిందట, ఊరి పండగ మర్నాడు తెల్లవారుతుండగా, తాగిన మత్తులో ఉన్న బెర్నాత్ కారు ఆమెని వెనక నుంచి గుద్దేసింది. అప్పటికి సైకిల్ పందేల్లో ఆ జిల్లా మొత్తం మీద ఆమెకి ఎదురు లేదు. ఆ తర్వాత ఆమెకి పందేలే లేవు. కోర్టు బెర్నాత్ లైసెన్సు లాక్కుని, కొన్నాళ్ళు లోపల ఉంచి, ఇక ఇంటికి పొమ్మంది.

ఫినా పొమ్మనలేదు. నేరుగా బెర్నాత్ ఇంటికి వచ్చి, వాళ్ళమ్మ ఎదురుగానే చెప్పింది.

"కోర్టు శిక్ష అయిపోయింది కదా. ఇక నాది. ప్రతి ఆదివారం డ్యామ్ దగ్గరికి రా. నాతో ఒక చుట్టు తొక్కు. రాని రోజు మీ గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటా."

ఆ ఊళ్ళో ఎండ దిగితే అందరూ ఎవరి గుమ్మం ముందు వాళ్ళు కుర్చీలు వేసుకుని కబుర్లాడుకుంటారు. పరాయి గుమ్మం ముందు కుర్చీ వేశారంటే వీధి మొత్తం అటే చూస్తుంది. జ్వరమని బెర్నాత్ ఒక్కసారి మానేశాడు. అన్నంత పనీ చేసింది ఫినా. పక్కింటివాళ్ళు ఆమెకి పుచ్చకాయ ముక్కలు తెచ్చి పెట్టారు. మర్నాడు బేకరీలో బెర్నాత్ వాళ్ళమ్మని ఒక్కరూ పలకరించలేదు. ఆ తర్వాత అతనికి జ్వరాలు రాలేదు.

ఎప్పుడూ అతనే ముందు. ఎప్పుడూ ఆమే వెనక. ఎదురుగాలిని కోసేది ముందున్నవాడే కాబట్టి వంతులు మార్చుకోవడం సైకిల్ వాళ్ళలో మర్యాద. ఫినా మాత్రం ఒక్కనాడూ వంతు తీసుకున్న పాపాన పోలేదు.

"గుంత!" అరిచాడు బెర్నాత్. "ఎడమకి మలుపు. రాళ్ళున్నాయి."

ముందున్నవాడు ఇలా అరవాలన్నదీ మర్యాదే. కాసేపు ఊరుకున్నాడో లేదో, వెనక నుంచి వినపడింది.

"నోరు పడిపోయిందా?"

దారంతా వాగుతూ ఉండాలన్నది ఆమె పెట్టిన ఇంకో షరతు. బాదం చెట్లు పూశాయన్నాడు. అవతలి గట్టున ఎవడో గాలం వేసుకుని కూర్చున్నాడన్నాడు. చెప్పేవాడికే విసుగు పుట్టే కబుర్లు. ఆమె ఒక్కటీ వదలకుండా విన్నది.

సగం దారిలో తోనెట్ బార్. బల్ల మీద వేరుశనగకాయలు, ఆలివ్ కాయలు, ఆమ్లెట్ పెట్టిన రొట్టె. బెర్నాత్ ఫినాకి కుర్చీ లాగాడు, రొట్టె ముక్కలు చేశాడు, గ్లాసు ఆమె చేతికి అందేలా జరిపాడు.

"పెళ్ళానికి కూడా ఇంత సేవ చెయ్యడు వీడు!" అని పక్క బల్ల వాళ్ళు నవ్వారు.

బార్ నడిపే తోనెట్ కూడా అందుకున్నాడు. "ఆదివారం పూట వీడి వీపు తప్ప ఇంకేం దొరకలేదా ఫినా నీకు?"

"ఎంత అందమైన వీపో నాకు తెలుసు. నీకేం తెలుసు?"

బార్ అంతా ఘొల్లుమంది. బెర్నాత్ తల దించుకుని ఆలివ్ గింజలు లెక్కపెట్టుకున్నాడు.

బార్ దాటాక కొండ అంచు మలుపు వస్తుంది. అక్కడ రెయిలింగ్ విరిగిపోయింది. కింద నిటారుగా లోయ, లోయ నిండా నీళ్ళు. ఆ చోటుకి రాగానే ప్రతిసారీ బెర్నాత్ వీపు మీద చెమటలు పడతాయి. ఆమె చెయ్యి జానెడు దూరంలో ఉంటుంది. ఒక్క తోపు చాలు.

"ఫినా, వచ్చే ఆదివారం పాప బాప్తిస్మం. ఆ ఒక్క వారం వదిలెయ్."

"ఎన్నింటికి?"

"పన్నెండుకి."

"అయితే ఆరింటికే బయల్దేరదాం. ఆలస్యం చెయ్యకు."

బెర్నాత్ బ్రేకు వేసి కాలు కింద పెట్టేశాడు. వెనక ఫినా కూడా ఆగింది.

"ఇంకా ఎన్నాళ్ళు ఇలా?"

"ఈ నీళ్ళు ఎండిపోయేదాకా."

ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. జలాశయం నిండుకుండలా ఉంది. బెర్నాత్‌కి ఏడుపు ముంచుకొచ్చింది.

"దీనికన్నా నన్ను తోసెయ్. ఇక్కడ రెయిలింగ్ కూడా లేదు. నీ కసి తీరుతుంది, నా పీడా విరగడవుతుంది."

ఫినా పకపకా నవ్వింది.

"తోసేస్తే నాకేం మిగులుతుందిరా? నువ్వు నా దగ్గర పాడు చేసింది నీ దగ్గర ఇంకా నిక్షేపంలా ఉంది. అరిగిపోయేదాకా వాడుకోనీ."

ఆ నవ్వు ఆగాక ఆమె గొంతు మళ్ళీ ఎప్పటిలా మారింది.

"ముక్కు తుడుచుకో. నీళ్ళు ఇవాళ ఏ రంగులో ఉన్నాయి?"

"ఆకుపచ్చ," అన్నాడు బెర్నాత్ అటు తిరిగి. "గట్టు దగ్గర మాత్రం లేత నీలం."

"ఊఁ, తొక్కు," అంటూ, ఇద్దరూ తొక్కే ఆ ఒకే ఒక్క పొడుగాటి సైకిల్ మీద, ఏడేళ్ళ కిందటి ఆ తెల్లవారుజామునే చూపు పోయిన ఫినా వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది.