బెంచీ దాటినవాళ్లు

ఆదివారం ఉదయం పదిన్నరకు సింధనూరు బాస్కెట్‌బాల్ కోర్టులో బియ్యం మిల్లు జట్టు, మార్కెట్ యార్డు జట్టు కొట్టుకున్నాయి. రిఫరీ రక్షిత ఈల ఊది, గీత పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

నిరుడు ఆమె రిఫరీ పరీక్ష తప్పింది ఇలాంటి చోటే. ఉత్తుత్తి కొట్లాట పెట్టి, శిక్షలు వేయమన్నారు. ఆమె కాలర్లు పట్టుకుని ఇద్దరిని విడదీసింది. కొట్లాటలోకి దిగిన బెంచీ ఆటగాళ్లను బయటికి పంపాలని రూలు. ఈలోగా బెంచీల మీది నుంచి ఎవరెవరు వచ్చారో చూడలేదు. సున్నా వేశారు. ఈసారీ తప్పితే మళ్లీ రాయనివ్వరు.

ఆమెకు ఆట నేర్పిన యమనూరప్ప ముందురోజే చెప్పాడు.

“ఈసారి సింధనూరు కోర్టుకే రాయచూరు నుంచి నాటకం పిల్లల్ని తెస్తున్నం. రెండు జట్లుగ ఆడతరు, నడుమల కొట్టుకుంటరు. నెత్తురు గూడ కారతది. పరేషాన్ గాకు. ఎవరు బెంచీ దాటిన్రో అదొక్కటి చూడు. పరీక్ష తీసుకునే సారు జనంల కూసుంటడు. ఎవరనేది చెప్పరు.”

పొద్దున ఆమె కోర్టులో అడుగు పెట్టగానే యార్డు కోచ్ కనకప్ప ఎదురొచ్చాడు. “రిఫరీ కోసమే చూస్తున్నం మేడం. షురూ చెయ్యుండ్రి.”

రెండో క్వార్టర్లో మిల్లు ఆటగాడు శివాజీ మోచేయి యార్డు ఆటగాడు మౌనేశ్ ముక్కుకు తగిలింది. మౌనేశ్ అతణ్ణి పడేసి మీద కూర్చున్నాడు. కోర్టులో ఉన్నవాళ్లు కలబడ్డారు. మిల్లు బెంచీలో ఒక్కడు తప్ప అందరూ లోపలికి దూకారు. యార్డు బెంచీ కూడా లేచింది గాని, కనకప్ప చేతులు చాచి ఎవరినీ గీత దాటనివ్వలేదు.

“అక్కా, విడిపించండి! చెవి కొరికేస్తున్నాడు!” అని శివాజీ అరిచాడు.

“నంబరు కనిపిస్తలేదు. జర అటు తిరుగు తమ్మీ,” అంది రక్షిత మౌనేశ్‌తో.

మౌనేశ్ ముక్కు నుంచి నెత్తురు కారుతోంది. తొమ్మిదో నంబరు.

వాళ్లు అలిసిపోయి ఆగాక రక్షిత కోర్టు మధ్యకు వెళ్లింది.

“కొట్టుకున్నోళ్లందరు బయటికి. బెంచీ దాటినోళ్లందరు బయటికి. మీరు గూడ సార్.”

మిల్లు కోచ్ చెంచయ్య గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. “నేనా? విడదీయడానికి కోచ్ రావచ్చని రూల్లోనే ఉంది కదమ్మా!”

“ఉంది. సీసా ఇసరొచ్చని లేదు.”

“నీళ్లు పడితే చల్లబడతారని...”

“మూత తీయలే సార్.”

“తల్లీ, ఫైనల్ ఇది! మా ఓనరు గారు బ్యాండు మేళం కూడా మాట్లాడారు. ఏ మొహం పెట్టుకుని మిల్లుకెళ్లను?”

“డైలాగు మంచిగుంది సార్. బయటికి.”

మిల్లు జట్టులో తేజ ఒక్కడే మిగిలాడు. గొడవంతా అయ్యేదాకా అతను బెంచీ మీదే బూటు లేసు కట్టుకుంటున్నాడు.

“నేనేం చేయలేదండీ,” అన్నాడు.

“అదే మంచిగ చేసినవ్. కానీ ఒక్కనితోని జట్టు ఆడొద్దు. మ్యాచ్ యార్డుకు.”

యార్డు బెంచీ వాళ్లు కనకప్పను భుజాలకెత్తుకున్నారు. బయట మేళం వాళ్లకు ఎవరు గెలిచారో తెలియదు. వాయించడం మొదలుపెట్టారు.

ముందు వరసలో కళ్లజోడు పెట్టుకుని కూర్చున్న కిష్టప్ప అనే పెద్దాయన లేచి చప్పట్లు కొట్టాడు. “శానా మంచిగ నడిపిచ్చినవ్ బిడ్డా. ఎవ్వరికీ జంకలే.”

రక్షిత వంగి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

అప్పుడే యమనూరప్ప ఫోన్ చేశాడు.

“సార్, పాసైన! సారు అందరి ముంగట మెచ్చుకున్నడు. నెత్తురైతే అచ్చం నిజం లెక్కనే ఉండె.”

“ఏ సారమ్మా?” అన్నాడు యమనూరప్ప. “బస్సు ఖరాబైంది.”

“ఏ బస్సు సార్?”

“నాటకం పిల్లలు, సారు, అందరం ఇంక దారిల మాన్విలనే ఉన్నం.”