నెలకో కిలో

ఆ రోజుల్లో ఎవరికెంత అన్నం పెట్టాలో వంటగదులే చూసుకునేవి. పాప పుట్టిన నెలకే కాంతిమతి తన వంటగదితో, "రెండు నెలల్లో తమ్ముడి పెళ్లి. అప్పటికి నా పాత బరువు రావాలి," అని చెప్పింది.

వంటగది ఆ పూట నుంచే గుప్పెడన్నం పెట్టసాగింది. కాంతిమతి చకచకా తగ్గింది. పాలూ తగ్గాయి. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఎత్తుకోబోయిన ఆమెకు కళ్లు తిరిగాయి.

చూడవచ్చిన అత్తగారు రాజ్యలక్ష్మి కంచం చూసి మండిపడింది. "బాలింతకి పెట్టే తిండేనా ఇది?"

"ఇంట్లో పాలు తాగే బిడ్డ ఉందని నాకెవరూ చెప్పలేదండీ," అంది వంటగది.

కాంతిమతికి ఏడుపొచ్చింది. "పెళ్లిలో అందరూ నన్నే చూస్తారత్తయ్యా."

"చూడనీయవే. బిడ్డని కన్న ఒళ్లు ఎలా ఉంటుందో వాళ్లకి మాత్రం తెలీదా?"

కాంతిమతి కళ్లు తుడుచుకుంది. "నేను పాలిస్తున్నాను. నెలకో కిలో తగ్గితే చాలు," అని వంటగదికి చెప్పింది. "ఇప్పుడు మాత్రం పప్పూ నెయ్యీ వేసి కడుపునిండా పెట్టు."

పెళ్లికి కొత్త రవిక కాస్త వదులుగానే కుట్టించుకుంది. ముహూర్తం వేళ పాప కడుపారా పాలు తాగి, బాజాల మోతలోనే నిద్రపోయింది.