బువాచన్‌కు సున్నా

“సున్నా వెయ్యమ్మా,” అంది సంవాన్ మామ్మ, మంచం మీద దిండుకు చేరగిలబడి.

ఒరథై కలం ఆగిపోయింది. ఇళ్లలో ఉండి ముసలివాళ్లను చూసుకునే ఆయాల పనికి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. తొమ్మిదేళ్లుగా రాచ్చబురి జిల్లాలో గడప గడపా తిరుగుతోంది. ఎవర్నడిగినా ఐదుకు ఐదే. అంతా మొహమాటం! వీపున పుండ్లను దుప్పటితో కప్పుకుని మరీ ఐదు వేయించే జనం. అందుకే ఆమె మాటలు నమ్మడం మానేసి, గోళ్లూ మడమలూ చూడటం నేర్చుకుంది.

ఇక్కడ మామ్మ గోళ్లు పొందిగ్గా కత్తిరించి ఉన్నాయి. రెండేళ్లుగా మంచం దిగని మనిషి మడమలు పసిపిల్ల పాదాల్లా ఉన్నాయి. వీపున చిన్న ఎరుపు కూడా లేదు.

“చెప్పిన పని చెప్పినట్టు చేస్తుందా మామ్మగారూ?”

“వాకిట్లో దేవతగూటికి నైవేద్యంగా ఒక ఎర్ర సోడా పెట్టమంటే రోజూ రెండు పెడుతుంది. ఆ రెండోది ఎవరి కోసం మొక్కో! సున్నా.”

“శ్రద్ధగా చూసుకుంటుందా?”

“ధ్యాస ఇక్కడుంటేగా! పొద్దస్తమానం ఆ ఫోనే. ఇంకో సున్నా.”

“మర్యాదగా మాట్లాడుతుందా?”

“ఈ మధ్య తల దువ్వుతూ దువ్వుతూ ‘అమ్మా’ అని పిలిచేస్తోంది. నేనేమన్నా దీన్ని కన్నానా?”

గుమ్మం దగ్గర బువాచన్ తల వంచుకుని నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి, ఉత్తరాన నాన్ జిల్లా పిల్ల. కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో ఫోను మోగితే నొక్కేసి, “బట్టలు తీసుకొస్తానండీ,” అంటూ పెరట్లోకి వెళ్లిపోయింది.

ఒరథైకి ఒళ్లు మండింది.

“సగం కంటే తక్కువొస్తే ఆ పిల్లను ఇక్కణ్నుంచి తీసేస్తారు. తెలుసా మీకు?”

“ఎన్నాళ్లకి?”

“మూడు రోజుల్లో కొత్త మనిషి వచ్చి తీరాలి. రూలు.”

“మరి దీన్నేం చేస్తారు?”

“ఏడాదిపాటు సొంత జిల్లాలోనే పని. ఇటువైపు రానివ్వరు.”

“నాన్‌కా? బస్సులో పన్నెండు గంటలు!” మామ్మ కళ్లు మెరిశాయి. “పోనీ. అంత దూరమూ పోనీ.”

ఇంత కసేమిటి ఈ ముసలిదానికి, అనుకుంది ఒరథై. నడుం లాగుతోంది. ఇంకా నాలుగిళ్లు తిరగాలి. మూడు నెలల కింద తను పెట్టిన సెలవు చీటీకి ఇప్పటికీ ఒకటే జవాబు, బదులు మనిషి దొరికాక చూద్దామని. ఆయాల చీటీలకూ అదే జవాబు. ఆ ఆఫీసులో సెలవుకు మనిషి దొరకదు గానీ సున్నాకు మాత్రం మూడు రోజుల్లో దొరుకుతుంది. ఈ మార్కులన్నీ ఎవరికోసం వేస్తున్నానో అని ఆమెకు విసుగొచ్చింది.

ఫారం చివర ఆమె సొంత అభిప్రాయానికి ఒక గడి ఉంది. మొత్తం మార్కుల్లో సగం దానివే. అక్కడ నిండా వేస్తే మామ్మ ఎన్ని సున్నాలు పెట్టినా బువాచన్‌ను కదిలించలేరు. చూసింది రాస్తాను, ఈవిడ ఏడిస్తే ఏడవనీ అనుకుని కలం ఆనించింది.

మామ్మ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉంటుందని ఒరథై అనుకోలేదు.

“అక్కడా సున్నాయే వెయ్యమ్మా. నీకు దణ్ణం పెడతాను.”

“ఇంత బాగా చూసుకుంటోందే! ఆ పిల్ల మీకేం అపకారం చేసింది మామ్మగారూ?”

“ఏమీ చెయ్యలేదు. ఎన్నిసార్లు పొమ్మన్నా పోదు, మొండిఘటం.”

మామ్మ పెరటివైపు చూసింది. బువాచన్ తడి దుప్పటి వెనక నిలబడి ఫోనులో ఎవరితోనో మెల్లగా మాట్లాడుతోంది. మామ్మ గొంతు తగ్గించింది.

“అక్కడ నాన్‌లో దాని కన్నతల్లి కూడా మంచంలోనే ఉంది.”