సర్దుబాటు

“ఆడమనిషి పక్కన సాంచె నడిపిస్తుంటే మేం అంగీ ఇప్పి ఎట్ల పని చేసేది, ద్రౌపదక్కా?” అన్నాడు పెంటప్ప.

షోలాపూర్ దాజీ పేట్‌లోని ఆ దుప్పట్ల కార్ఖానాలో 1988 దాకా ఆడవాళ్లు నూలు కండెలే చుట్టేవారు. ఆ వారమే వాళ్లలో ఒకతె, సునంద, తొలిసారి పవర్‌లూమ్ సాంచె ముందు నిలబడింది. పాపం, మగవాళ్ల మనసులు నొచ్చుకున్నాయి. వాటిని బుజ్జగించే పని కండెలు చుట్టే ద్రౌపదికి అప్పగించాడు సేటు. ఓర్పుగల మనిషట.

“నిజమే తమ్మీ, కష్టమే,” అంది ద్రౌపది.

పక్క సాంచె మల్లప్పది ఇంకా పెద్ద కష్టం. పోగు తెగినప్పుడు నోరారా బూతులు తిట్టుకునే సుఖం పోయిందట. ద్రౌపది అదీ తలూపుతూ విన్నది. పొద్దుగూకేసరికి ఆమె గొంతు ఎండి, తల దిమ్మెక్కింది. నీకెట్లుందని అడిగినవాడు లేడు.

చివరికి సునంద దగ్గరికి వెళ్లింది. “అందరూ మంచోళ్లే చెల్లె. జర నువ్వే సర్దుకో.”

సునంద సాంచె ఆపింది. “వాళ్లనేమో ఏం బాధ అని అడిగినవ్. నన్నేమో సర్దుకొమ్మంటున్నవ్. ఆ బూతుల నడుమ నాకెట్లుంటదో అడిగినవా అక్కా?”

ద్రౌపది కండెల డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. “చెప్పు,” అంది.

సేటు తొంగిచూశాడు. “అయిపోయిందా, ద్రౌపదీ?”

“లేదు సేటు. ఇప్పుడే షురువైంది.”