జరగని చుక్క

"ఈ ఎర్ర చుక్క ఎవరప్పా?"

గది ఊడ్వడానికి వచ్చిన సిద్ధమ్మ, చీపురుతో కుర్చీ వెనకే నిలబడిపోయింది. యశ్వంత్ కంప్యూటర్ తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"మనిషమ్మా. నీలం చుక్కలు బండ్లు. డ్రైవరు లేకుండా అవే దారి ఎతుక్కుంటాయి. నిజం బండ్లు షెడ్డులో దిగేలోపల ఈడ నడిపి సూస్తాండాను."

పుంగనూరు దగ్గరి ఆ టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో వచ్చే సోమవారం నుంచి పెట్టెలు మోసేది ఆ బండ్లే. యశ్వంత్ రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చి ఇదే పని చేస్తున్నాడు. వెయ్యిసార్లు నడిపాడు. ఒక్కసారీ బండి ఎవరినీ గుద్దలేదు.

తెర మీద బండి హారన్ కొట్టింది. ఎర్ర చుక్క పక్కకు జరిగింది.

"జరగకపోతే?" అంది సిద్ధమ్మ.

"యాల జరగరమ్మా? హారన్ కొడతాండాది కదా!"

"ఒక్కసారి జరక్కుండా పెట్టి సూడప్పా."

ఆమె ముచ్చట తీరుద్దామని చుక్కను కదలకుండా నిలిపాడు. బండి హారన్ కొట్టింది. కొట్టి, ఆ చుక్క మీదుగానే పోయింది.

యశ్వంత్ గబగబా తను రాసిన ప్రోగ్రాం తెరిచాడు. హారన్ కొడితే మనిషి తప్పుకుంటాడనే లెక్కతోనే రాశాడు అదంతా. మేనేజర్ మునిశేఖర్‌కు ఫోన్ చేసి, సోమవారానికి కాదని చెప్పి, నానా మాటలూ పడ్డాడు.

సిద్ధమ్మ మాత్రం రోజుకో చిక్కు తెచ్చేది.

"వంగి పెట్టె ఎత్తుతాంటే? మలుపులో వీపు తిప్పి నిలబడుంటే?"

చదువుకోని మనిషికి ఇవన్నీ ఎలా తడుతున్నాయా అని అతనికి ఒకటే ఆశ్చర్యం. పదోరోజు బండి చుక్కకు మూడడుగుల దూరంలో ఆగి, పక్క సందులోంచి వేరే దారి పట్టింది. సిద్ధమ్మ గట్టిగా ఊపిరి వదిలింది.

వారం ఆలస్యంగా బండ్లు షెడ్డులో దిగాయి. ఆ రోజే సిద్ధమ్మ కూతురు రేఖ కుప్పంలో చదువు ముగించుకుని వచ్చి ప్యాకింగ్‌లో చేరింది. వంగి పెట్టెలు సర్దుతుంటే వెనకగా వచ్చిన బండి హారన్ కొట్టింది. రేఖ కదల్లేదు. బండి ఆగింది. చుట్టు తిరిగి వెళ్లిపోయింది.

"మీ పాపకు భలే ధైర్యం సిద్ధమ్మా! తిరిగి కూడా సూడలేదే!" అని నవ్వాడు యశ్వంత్.

సిద్ధమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"దానికి చెవులు యినపడవప్పా."