స్టాండ్ల మీద బండి

టెక్సస్ ఎడారి అంచున తన షెడ్డులో, డెల్బర్ట్ ఆ రాత్రి పాత ట్రక్కుకి వెనక యాక్సిల్ మార్చాడు. కొత్తగా వేసింది, ముందుభాగం నుజ్జునుజ్జయిన ఓ బండిలోంచి ఊడదీసి తెచ్చింది.

వెనక చక్రాలు నేలకి తగలకుండా ట్రక్కుని స్టాండ్ల మీదకి ఎత్తారు. స్టీరింగ్ ముందు కూర్చున్న బావమరిది రాయిస్ గేరు వేసి తొక్కాడు. చక్రాలు తిరిగాయి గానీ స్పీడోమీటర్ ముల్లు సున్నా మీంచి లేవలేదు.

"చచ్చినోడి సామాను తెస్తే ఇంతే బావా. వద్దంటే విన్నావా?"

"నోర్మూసుకుని ఇంజను ఆపు. ఎవడు చచ్చాడో ఇనుముకేం తెలుసు!"

ఇంజను ఆగింది. చక్రాలూ ఆగాయి. డెల్బర్ట్ టార్చి పట్టుకుని బండి కిందకి దూరాడు. తప్పు తనదే. యాక్సిల్ మీదుండే, స్పీడు చెప్పే సెన్సరుకి వైరు తగిలించడమే మరిచాడు. వేలాడుతున్న వైరుని తిట్టుకుంటూ అందుకున్నాడు.

"ఆఁ, లేచింది బావా!" పైనుంచి రాయిస్ అరిచాడు. "ఇరవై... నలభై."

"వేళాకోళాలొద్దురా."

"అరవై. చాల్లే, ఇక తిప్పకు."

డెల్బర్ట్ చక్రం మీద అరచెయ్యి వేసి చూశాడు. కదలడం లేదు. వైరు ఇంకా రెండో చేతిలోనే ఉంది.

"ఎనభై. ఆపు బావా!"

బ్రేకు మళ్లీ మళ్లీ తొక్కుతున్న చప్పుడు. తర్వాత సీటు బెల్టు లాకు టక్కుమని పడింది.

"బండి కదలట్లేదురా! తలుపు తీసి దిగు!"

"ఇంత స్పీడులో ఎలా దిగను?"

షెడ్డు గోడ బండి ముందు మూడడుగుల దూరంలో ఉంది.

"బావా," అన్నాడు రాయిస్, "ఎదురుగా లైట్లు వస్తున్నాయి."