ఉయ్యాల బిల్లు

“ఇవాళ కూడా ఓడిపోతే?” అని అడిగింది కూతురు, చంకలో పాపను సర్దుకుంటూ.

“ఓడిపోతే సోమవారం నుంచి నువ్వు ఉద్యోగం మానేస్తావు. వచ్చే నెల నుంచి నేనూ ఇంట్లోనే. ముగ్గురం కలిసి గోళ్ళు గిల్లుకుందాం,” అంది సెనేటర్.

నవ్వుతూనే అంది గానీ ఇదే ఆఖరి అవకాశమని ఆమెకు తెలుసు. ఈ సమావేశాలతో ఆమె పదవీకాలం అయిపోతుంది. ఆమె తెచ్చిన ఉయ్యాల బిల్లు ఇప్పటికే రెండుసార్లు వీగిపోయింది. పనిచేసే ప్రతిచోటా ఉయ్యాల వేసిన గది ఒకటి ఉండాలి, పాలు తాగే బిడ్డను తల్లి వెంట తెచ్చుకోవచ్చు. బిల్లంతా అంతే. కూతురి ఆఫీసువాళ్ళేమో పాపో ఉద్యోగమో తేల్చుకోమన్నారు.

సెనేట్‌లో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ఎదుటివాళ్ళు ఎంత పొడుగు ప్రసంగం చేసినా, కూర్చునేలోగా ముక్కలు చేసి చేతిలో పెడుతుందని. ఆమెతో పాటు సభలో అడుగుపెట్టిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. కొందరు ఓడిపోయారు, కొందరు పోయారు, ఒకాయన కోళ్ళఫారం పెట్టుకున్నాడు.

ఎదుటి పక్షం నాయకుడి పేరు మైకాసురుడు. పెట్టిన పేరు కాదు, సంపాదించుకున్న పేరు. మైకు దొరికితే కరెంటు పోయేదాకా వదలడు. ఆ మధ్యాహ్నం ఆయన కోటు సర్దుకుని లేచాడు.

“అధ్యక్షా! నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ఇలాంటి బిల్లే ఎన్నో ఏళ్ళ కిందట ఈ సభకు వచ్చింది. ఒక మహానుభావుడు ఒకే ఒక్క ప్రసంగంతో దాన్ని పడగొట్టాడు. అప్పట్లో మా నాన్నగారు సభ్యులు. ఆ ప్రసంగం విని ఇంటికొచ్చి, నాచేత కంఠతా పట్టించారు.”

“ఎవరండీ ఆ మహానుభావుడు?” అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

“సభలో సాటి సభ్యుల పేరెత్తకూడదు కదండీ. మా నాన్నగారు ఇంట్లో కూడా ఎత్తేవారు కాదు. గౌరవ సభ్యులు అనేవారు, అంతే.”

సభ గొల్లుమంది. సెనేటర్ మాత్రం నవ్వలేదు. మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేసి ముందుకు వంగి కూర్చుంది.

మైకాసురుడు కళ్ళు మూసుకుని అందుకున్నాడు.

“పనిచోటు పని కోసం, ఉయ్యాల ఇంటి కోసం! బిడ్డను చంకనెత్తుకుని ఎవరూ చరిత్ర రాయలేదు!”

ఆయన పక్షంవాళ్ళు బల్లలు బాదారు. పైన గ్యాలరీలో కూతురి ముఖం చిన్నబోయింది.

సెనేటర్ లేచింది. “చరిత్ర రాసినవాళ్ళు బిడ్డను ఎవరి చంకలో పెట్టి వెళ్ళారో, అది చెప్పాడా మీ మహానుభావుడు?”

పైనుంచి పాప కెవ్వున కేరింత కొట్టింది. అందరూ తలెత్తి చూశారు.

“గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు అభిప్రాయాలు చెప్పకూడదు,” అన్నాడు సభాధ్యక్షుడు, నవ్వు ఆపుకోలేక.

“నిద్రలేని తల్లి లెక్కలు తప్పుతుంది!” మైకాసురుడు గొంతు పెంచాడు.

“మరి భోజనమయ్యాక ఇదే సభలో నిద్రపోయే తండ్రుల సంగతేమిటి?”

మైకాసురుడి వెనకే కునుకు తీస్తున్న పెద్దమనిషి ఉలిక్కిపడి లేచాడు. ఏ బిల్లో, ఎవరి బిల్లో తెలియక “సమర్థిస్తున్నాను!” అని అరిచి కూర్చున్నాడు.

ఇక సభను పట్టేవాళ్ళు లేరు. ఆయనదొక వాక్యం, ఆమెదొక కత్తిరింపు. విలేకరులు రాసుకోవడం మానేసి పొట్టలు పట్టుకున్నారు. ఆ గోలలో మైకాసురుడు తడబడ్డాడు. తర్వాతి ముక్క ఎంతకీ గుర్తురాలేదు.

“‘జాలి వేరు, జీతం వేరు’,” అని అందించింది సెనేటర్.

ఆయన నోరు తెరిచాడు. “మీకూ వచ్చా?”

“రాకేమండీ! చాలా దగ్గర్నుంచి విన్నాను. చప్పట్ల కోసం చెప్పిన మాటలవి. ఆ మనిషికి ఆ రోజు భయం ఎక్కువ, బుద్ధి తక్కువ. నోరు మాత్రం ఊరంత.”

“అధ్యక్షా! పెద్దల్ని అవమానిస్తున్నారు. క్షమాపణ చెప్పించండి!”

“క్షమాపణ చెప్పాల్సింది ఆ మనిషే. ఇవాళ చెప్పించే పూచీ నాది, సరేనా?” అంది సెనేటర్.

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే ఓటింగు మొదలైంది. కునుకు పెద్దమనిషి అన్న మాట వెనక్కి తీసుకోలేక చెయ్యెత్తాడు. ఆయన్ని చూసి పక్కాయన ఎత్తాడు. మైకాసురుడు కళ్ళురిమి చూసేలోపు బిల్లు గెలిచిపోయింది.

సభ బయట వరండాలో పండగే పండగ. కత్తెరమ్మ మనవరాలిని అందుకుని గిరగిరా తిప్పింది. కెమెరావాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. కూతురు ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ముక్కు తుడుచుకుంటోంది. సోమవారం పాపతో సహా ఆఫీసుకు వెళ్ళొచ్చు.

జనం కాస్త పలచబడ్డాక కూతురు తల్లి చెవి దగ్గరికి వంగింది. “ఇంతకీ ఎవరమ్మా ఆ పొగరుబోతు మహానుభావుడు? ఇంకా బతికే ఉంటే చెప్పు, వెళ్ళి బాగా దులిపేసి వస్తాను.”

“దులుపు, నేనే,” అంది సెనేటర్ కూతురి చెయ్యి పట్టుకుని, “పాల కోసం గుక్కపట్టి ఏడుస్తున్న నిన్ను ఇంట్లో వదిలేసి వచ్చి మరీ మాట్లాడాను, నన్ను క్షమించవే.”